గిర్దావర్ గుర్రం ఆగిన చోట్లు

మొన్న మా మనవడి పెళ్లి ఊరేగింపులో నాకొక బాధ్యత అప్పగించారు. ఈ వయసులో నాకు బాధ్యతలు అప్పగించడం ఇంట్లో అందరూ మానేశారు కనుక సంతోషంగానే ఒప్పుకున్నాను. పని పెద్దదేమీ కాదు. పెళ్లికొడుకు ఎక్కాల్సిన తెల్ల గుర్రం యజమాని చాయ్ తాగి వచ్చేదాకా దాని కళ్లెం పట్టుకుని నిలబడాలి. హైదరాబాదు నడిరోడ్డు మీద, చెవులు పగిలే బ్యాండు పక్కన, జరీ గుడ్డ కప్పుకున్న ఆ గుర్రమూ, జరీ కండువా కప్పుకున్న నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. ఇద్దరిలో ఎవరికీ అక్కడ పెద్ద పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు. యజమాని తిరిగి వచ్చాక, పెళ్లిళ్లు లేని రోజుల్లో దీన్నేం చేస్తావయ్యా అని అడిగాను. "అదే సార్ పరేషాన్. మూఢం ఒస్తే పెండ్లిళ్లు ఆగుతయ్ గని దీని తిండి ఆగదు గద. ఇంట్ల పెట్టుకుంటే ఖర్చు, ఇంకోతాన పెడితే బెంగ" అన్నాడు. ఆ మాటతో నేను పెళ్లి మరచిపోయాను. ఇంచుమించు ఇదే మాట మా ఇంట్లో ఒక ఏడాది పొడుగునా నలిగింది. అప్పుడు నాకు మీసాలు కొత్తగా వస్తున్నాయి, ఇప్పుడు ఉన్నవి కూడా తెల్లబడి చాలా కాలమైంది.

మా ఊరు వనపర్తికీ పెబ్బేరుకూ నడుమ, మెట్ట నేల. మా నాయన సేద్యం చేసేవాడు. ఆయన అన్న, అంటే మా పెద్దనాయన, సంస్థానంలో గిర్దావరు. గిర్దావరు అంటే ఊరూరూ తిరిగి, ఊరి లెక్కలు రాసే పట్వారీ రాసిన పంట పొలంలో ఉన్నదో, కాగితంలో మాత్రమే ఉన్నదో చూసి తేల్చే అధికారి. ఆ తిరుగుడుకు గుర్రం కావాలి. గుర్రాన్ని ఉద్యోగే కొనుక్కోవాలి, మేపడానికి కచ్చేరీ భత్యం ఇస్తుంది. పెద్దనాయన తన గుర్రాన్ని కన్నడ సరిహద్దున ఉన్న గట్టు అనే ఊరి వైపు నుంచి వచ్చిన ఒక కన్నడపు వ్యాపారి దగ్గర కొన్నాడు. ఆడ గుర్రం, ఇటుక రంగు. పంచకల్యాణి అని చెప్పి అమ్మాడట. పంచకల్యాణికి నాలుగు కాళ్లూ, నొసలూ తెల్లగా ఉండాలి. దీనికి మూడు కాళ్లే తెలుపు. నాలుగో కాలి సంగతి ఎవరైనా ఎత్తితే పెద్దనాయన "అది బురదల ఉన్నది" అనేవాడు. ఎండాకాలంలోనూ అదే జవాబు. ఆ విధంగా దాని పేరు కల్యాణి అయింది. దానికి తెలుగు రాదు. ఆగాలంటే "నిల్లు" అనాలి, నడవాలంటే "నడి" అనాలి. పెద్దనాయనకు వచ్చిన కన్నడం మొత్తం ఈ రెండు మాటలే. కాని గుర్రం మీద కూర్చున్నప్పుడు ఆయన రెండు భాషల పండితుడిలా కనబడేవాడు.

ఇంట్లో దాని దర్జా వేరు. రోజూ పొద్దున పెద్దమ్మ దానికోసం ఒక పెద్ద కుండలో ఉలవలు ఉడకబెట్టేది. ఉడికిన ఉలవలు గుర్రానికి, వార్చిన నీళ్లు మాకు. ఆ నీళ్లలో చింతపండు పిసికి, ఎల్లిగడ్డ వేసి కాచిన చారు చిక్కగా, నల్లగా, నిప్పుల మీద సాయంత్రం దాకా ఉడుకుతూనే ఉండేది. జొన్నరొట్టెతో తింటే ఇంకేమీ అక్కరలేదు. చుట్టాలు వచ్చి పెద్దమ్మ ఉలవచారును మెచ్చుకునేవాళ్లు. అది గుర్రం తిన్నాక మాకు మిగిలిన వాటా అన్న సంగతి మేము చెప్పేవాళ్లం కాదు.

పెద్దనాయనకు పింఛను అయింది. కల్యాణికి కాలేదు. భత్యం ఆగిపోయింది, ఆకలి ఆగలేదు. మొదటి ఏడాది ఎవరూ ఏమీ అనుకోలేదు. పెద్దనాయన పొద్దున్నే తలపాగా చుట్టుకుని, గుర్రమెక్కి, ఊరి బయటిదాకా పోయి, ఏమీ తనిఖీ చేయకుండా తిరిగి వచ్చేవాడు. రెండో ఏడు వానలు ముఖం చాటేశాయి. ఎక్కడో యుద్ధం జరుగుతోంది, దాని ఆకలి మాత్రం మా ఊరి దాకా వచ్చింది. ఉలవలు దొరకడమే గగనమైంది. మా నాయన అన్న ఎదుట నోరు మెదిపే మనిషి కాదు. పొద్దున లేచి దొడ్లోకి పోయి, చొప్ప వామిని చూసేవాడు, తర్వాత ఎడ్లను చూసేవాడు, తర్వాత ఆకాశాన్ని చూసేవాడు. గుర్రాన్ని మాత్రం చూసేవాడు కాదు. ఆ చూడకపోవడమే మా ఇంట్లో అందరికీ వినబడేది. ఉన్న చొప్ప ఎడ్లకు వచ్చే వానాకాలం దాకా సరిపోవాలి. గుర్రం కూడా తింటే సరిపోదు. ఎడ్లు పోతే సేద్యం పోతుంది. గుర్రం పోతే ఏం పోతుందో ఎవరూ పైకి అనలేదు.

పెద్దమ్మ అన్నది. ఆమె పెద్దనాయనతో నేరుగా మాట్లాడేది కాదు. ఆ కాలపు మర్యాద అది. చెప్పవలసిందంతా గోడకు చెప్పేది. గోడ విని ఊరుకునేది, పెద్దనాయన విననట్టు ఊరుకునేవాడు. "ఎడ్లు దున్నుతయ్, తింటయ్. బర్రె పాలిస్తది, తింటది. ఈ మారాణి ఏం జేస్తదని తింటది? గడ్డి కోసెటోనికి కూలియ్యాలె, నాడాలు గొట్టే సాయిబుకియ్యాలె. దానికి పింఛనున్నదో లేదో జర అడుగుండ్రి ఎవరన్న" అనేది గోడతో.

నేను దసరా సెలవులకు వచ్చేసరికి ఇంట్లో పంచాయితీ కూర్చుని ఉంది. అప్పుడు నేను హైదరాబాదులో ఇంటర్మీడియట్ చదువుతున్నాను. నా పాఠాల్లో అర్థశాస్త్రం ఒకటని ఇంట్లో అందరికీ తెలుసు. అందులో నాకేమీ రాదన్నది నాకొక్కడికే తెలుసు. "నువ్వు చెప్పురా. ఇంట్ల ఉంచుకుంటే ఎంత, బయట పెడితే ఎంత?" అని పెద్దనాయన నన్నే మధ్యవర్తిని చేశాడు. నేను ఉలవలూ, చొప్పా, గడ్డి కూలీ, నాడాలూ ఒక పక్కన పెట్టి చూశాను. రెండో పక్కన పెట్టడానికి ఏమీ దొరకలేదు. చారు ఉందిగా అన్నాను. పెద్దమ్మ గోడ వైపు తిరిగి "సదువుకున్న పోరడు" అన్నది. అది మెప్పో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ముందు గుర్రాన్ని అమ్మడానికి పెబ్బేరు సంతకు తీసుకుపోయాం. అక్కడ పశువుల బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువాల కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. గద్వాల స్టేషను దగ్గర జట్కా నడిపే ఒకాయన వచ్చి, కల్యాణి పెదవి ఎత్తి పళ్లు చూశాడు. పెద్దనాయన ముఖం తిప్పుకున్నాడు. ఆ తర్వాత తువాల కింద చేయి పెట్టాడు. తేలు కుట్టినట్టు వెంటనే తీసేశాడు. జట్కాయన ఎన్ని వేళ్లు పట్టాడో పెద్దనాయన చచ్చేదాకా చెప్పలేదు. గుర్రాన్ని తోలుకుని ఇంటికి వచ్చే దారిలో ఒకే మాట అన్నాడు. "దాని నోరు తెరిచి చూసిండురా. నా ముంగటనే."

ఇక మిగిలింది మా మేనత్త ఊరు. అచ్చంపేట అవతల, నల్లమల అంచున. అక్కడ కరువులోనూ వాగు పక్కన పచ్చిగడ్డి ఉంటుంది. మేనత్త ఆయనకు ముద్దుల చెల్లెలు, కాదనదు. కాని చెల్లెలి ఇంటికి చీరెసారెలు పంపాలి గాని గుర్రాన్ని పంపుతారా అని ఒక మొహమాటం. బావ ముందు చేయి చాచినట్టు ఉంటుందని మరొకటి. చిరుతపులులు ఉన్నాయన్నది మూడోది. నాయన ఆ పొద్దున కూడా చొప్ప వామిని చూసి, ఎడ్లను చూసి, ఆకాశాన్ని చూశాడు. పెద్దనాయన లేచి జీను తెమ్మన్నాడు.

ఆయన గుర్రం మీద, నేను వెనక కిరాయి బండిలో బయలుదేరాం. వనపర్తి దాటి నాగర్‌కర్నూలు వైపు పోయే ఆ దారి మొదటి సగం ఆయన ఏళ్ల తరబడి తిరిగిన ఊళ్ల మీదుగానే పోతుంది. మొదటి ఊరు వచ్చింది. చావడి ముందుకు రాగానే కల్యాణి ఆగింది. ఆయన ఆపలేదు. అదే ఆగింది. "నడి" అన్నాడు. కదలలేదు. గిర్దావరు దిగి, చావడి అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, తమలపాకు నమిలి, పట్వారీని నాలుగు మాటలు అడిగి లేచేదాకా ఆగాలని దానికి తెలుసు. పింఛను సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. విధిలేక ఆయన దిగి అరుగు మీద కూర్చున్నాడు. అంతలో పట్వారీ గుర్రాన్ని చూసి, పాత అలవాటున కోటు గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చాడు. "సాబ్, కబురన్న పంపకపోతిరి" అన్నాడు రొప్పుతూ. ఈయన సంగతి చెప్పాడు. పట్వారీ నవ్వి, ఆ కోటు గుండీలు ఊడదీసుకుంటూ కొంచెం సేపు కూర్చుని, తమలపాకులు మాత్రం తెప్పించాడు. తమలపాకు అయిపోగానే కల్యాణి తనంత తాను కదిలింది.

రెండో ఊరిలోనూ అంతే. మూడో ఊరికి వచ్చేసరికి నేను బండిలో నవ్వు ఆపుకోలేకుండా ఉన్నాను. ఆ నవ్వు ఆ ఊళ్లోనే ఆగింది. అక్కడ చావడి దగ్గర పట్వారీ లేడు. ఒక ముసలి రైతు ఉన్నాడు. గుర్రం ఆగడం చూసి లేచి, రుమాలు తీసి చంకన పెట్టుకుని వచ్చాడు.

"వచ్చినవా సాబ్. జర మా చేను జూసి పో. కంకిల గింజ పట్టలే. పన్ను మాఫీకి రాస్తే బతుకుతం."

"నేనిప్పుడు గిర్దావర్ను కాదయ్యా. నాకు పింఛనైంది. కొత్తాయన వస్తడు."

"కొత్తాయన ఒచ్చిండు సాబ్. సైకిల్ మీద ఒచ్చిండు. సైకిల్ ఈడ ఆగలే. నీ గుర్రం ఆగింది."

పెద్దనాయన గుర్రం దిగాడు. రైతు వెంట చేలోకి నడిచాడు. నేనూ పోయాను. జొన్న మోకాలి ఎత్తు కూడా లేదు, నడుస్తుంటే ఆకు పెళపెళమంటోంది. గిర్దావర్లు పంట అంచనా వేసే పద్ధతి ఒకటుంది. ఒక కంకి తుంచి, అరచేతిలో నలిపి, ఉఫ్ అని ఊది, చేతిలో ఎన్ని గింజలు నిలిచాయో చూస్తారు. ఆయన ఒక కంకి తుంచాడు. నలిపాడు. ఊదాడు. అరచేయి ఖాళీగా ఉంది. ఇంకొక మూల నుంచి ఇంకొక కంకి తుంచాడు. మళ్లీ ఊదాడు. అలా చేను నాలుగు మూలలా తిరిగాడు. ఏ తొందరా లేకుండా, ఏ మూలా వదలకుండా, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎలా చూసేవాడో అలాగే చూశాడు. చివర ఆ ఖాళీ చేయి ధోవతికి తుడుచుకుని "చూసిన" అన్నాడు.

"చూసినవ్ గద సాబ్?"

"చూసిన. నేను చూసిన."

ఒకప్పుడు ఆ మాటకు విలువ ఉండేది. ఆయన చూశాడంటే రాస్తాడు, రాస్తే మాఫీ వస్తుంది. ఇప్పుడు ఆ మాట వెనక ఏమీ లేదని ఆ రైతుకు తెలియదని నేను చాలాకాలం అనుకున్నాను. తెలుసుననే ఇప్పుడు అనిపిస్తుంది. మేము తిరిగి చావడికి వచ్చేసరికి ముసలాయన ఇంట్లోకి పోయి ఒక చంకెడు ఎండు చొప్ప తెచ్చి గుర్రం ముందు వేశాడు. పెద్దనాయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎడ్లకుంచుకో. మా ఇంట్ల ఈ చొప్పకే ఇంత దూరమొచ్చినం" అన్నాడు. "గిర్దావర్ గుర్రం మా ఊరికెల్లి ఉత్తగ పోతదా సాబ్?" అన్నాడు ముసలాయన. కల్యాణి తిన్నది. అంత కరువులోనూ మిగలకుండా తిన్నది. పెద్దనాయన దాని వైపు చూడలేదు, మా నాయన చూడనట్టే.

మేనత్త ఊరు చేరాక నేను అనుకున్నంత గొడవ ఏమీ జరగలేదు. "గడ్డికేం తక్కువ అన్నా ఈడ. మనుషులే తక్కువ" అన్నది ఆమె. వాళ్ల పశువులను కాసే చెంచు ముసలాయన కల్యాణి చుట్టూ ఒకసారి తిరిగి, "చిరుత ఒస్తే ఇది అరుస్తదా?" అని అడిగాడు. అరుస్తుంది అన్నాం. "అట్లయితే పనికొస్తది" అన్నాడు. పింఛనైన గుర్రానికి మళ్లీ ఉద్యోగం దొరికింది. పెద్దనాయనకు అది నచ్చినట్టు కనబడలేదు. దాని మెడ మీద చేయి వేసి కొంచెం సేపు నిలబడ్డాడు. తిరుగు ప్రయాణంలో అచ్చంపేటలో బస్సు ఎక్కాం. బస్సు ఏ చావడి దగ్గరా ఆగలేదు.

ఇంట్లో చొప్ప వామి నిలిచింది. ఎడ్లు నిలిచాయి. ఖర్చు మాత్రం తగ్గలేదు. పెద్దనాయన నెల తిరగకముందే చెల్లెల్ని చూడబుద్ధవుతోందని బయలుదేరాడు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆమెను చూడబుద్ధి కాలేదు. పోయిన ప్రతిసారీ బస్సు కిరాయి, పిల్లలకు బెల్లపుండలు, చెల్లెలికి రవికె గుడ్డ, బావకు పొగాకు, చెంచు ముసలాయనకు కంబళి. సంక్రాంతికీ, ఉగాదికీ, ఏ పండుగా లేకపోయినా. పెద్దమ్మ అంతా చూసి గోడతో అన్నది: "అది ఆడ తినేది గడ్డి. ఈయన ఇంట్లకెల్లి మోసుకపోయేది తీపి, పైసలు పెట్టేది బస్సుకు. గుర్రాన్ని బయట పెట్టినంక రెండు గుర్రాల ఖర్చు." నా అర్థశాస్త్రంలో ఈ పాఠం లేదు. ఇంకో సంగతి కూడా నేను సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు గమనించాను. దొడ్లో గుర్రం లేదు, పొయ్యి మీద ఉలవల కుండ మాత్రం అలాగే ఉంది. చారు కోసం అన్నది పెద్దమ్మ. ఉలవలు చిన్నకుండకు మారాయి, అంతే. ఉడికినవి ఎవరు తింటున్నారని అడిగితే "ఎడ్లు తింటయ్ తీ" అన్నది. మా ఎడ్లు ఆ ఏడాది ఉలవలు తిన్న ఎడ్లలా లేవు. కాకులు మాత్రం బాగా ఉన్నాయి.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. చొప్ప పెరిగింది, ఉలవలు అంగట్లోకి వచ్చాయి. ఒక పొద్దున నాయన వామిని చూసి, ఎడ్లను చూసి, ఖాళీగా ఉన్న కొట్టం వైపు కూడా చూశాడు. "అన్నా, ఇగ తెచ్చుకుందం" అన్నాడు. ఆ ఏడాదంతా గుర్రం గురించి ఆయన అన్నది ఆ ఒక్కమాటే.

మళ్లీ దసరా సెలవులే. మళ్లీ ఆయన గుర్రం మీద, నేను బండిలో. కల్యాణి అడవి గడ్డి తిని పొట్ట వేసింది, జూలు పెరిగింది. కళ్ల మీద కొంచెం పొర కనబడిందని నేను మేనత్తతో అంటే "మేతకు బాగనే కనబడ్తది" అన్నది. నాగర్‌కర్నూలు దాటాక పెద్దనాయన తలపాగా విప్పి మళ్లీ గట్టిగా చుట్టుకున్నాడు. ఇకమీద వచ్చేవన్నీ ఆయన ఊళ్లు. ముసలి రైతు ఊరు ముందు వచ్చింది. ఈసారి చేలు పచ్చగా ఉన్నాయి. ఎవరు కబురందించారో, ఆయన చావడి ముందు లేత జొన్న కంకులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దనాయన దూరం నుంచే నవ్వాడు.

కల్యాణి ఆగలేదు. చావడినీ, అరుగునూ, కంకులనూ దాటి, దారి తనది కాదన్నట్టు నడుచుకుంటూ పోయింది. పెద్దనాయన కళ్లెం లాగలేదు. ఇన్నేళ్లలో అక్కడ ఆయన ఎప్పుడూ కళ్లెం లాగి ఎరుగడు. అది ఆగుతుందేమోనని ఇంకొంచెం దూరం చూశాడు. అప్పుడు మెల్లగా, ఒక కొత్త మనిషిని అడిగినట్టు, "నిల్లు" అన్నాడు. ఆగింది. మాట విని ఆగింది, అంతే.

ముసలాయన పరుగు నడకన వచ్చి, కంకులు దాని నోటికి అందించి, "గుర్రానికి గుడ పింఛనైంది గద సాబ్" అన్నాడు నవ్వుతూ. పెద్దనాయన కూడా నవ్వాడు. మర్యాద కోసం చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత దిగి, కళ్లెం చేతిలో పట్టుకుని, మిగిలిన దారంతా గుర్రం పక్కన నడిచాడు. బండిలో కూర్చొమ్మంటే వినలేదు. మిగిలిన రెండు చావళ్ల ముందు ఇద్దరూ ఆగకుండా నడిచిపోయారు. గుర్రాలు దారి మరచిపోవని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ పుస్తకాలు కల్యాణి చదవలేదు. కళ్లు మసకబారి చావడి కనబడలేదో, ఒక ఏడాది అడవిలో ఉండి ఉద్యోగం మరచిపోయిందో, ఆయన ఎవరినీ అడగలేదు. కచ్చేరీ ఆయనను ఇంటికి పంపి అప్పటికి చాలా కాలమైంది. ఉద్యోగం పోయింది మాత్రం ఆ రోజే.

ఇంటికి వచ్చేసరికి పెద్ద కుండ పొయ్యి ఎక్కి ఉంది. పెద్దమ్మ గోడ వైపు తిరిగి, "ఇయ్యాల ఉలవలు జర ఎక్కువ పడ్డయ్, ఏం జెయ్యాలెనో" అన్నది. పెద్దనాయన ఆ తర్వాత గుర్రమెక్కలేదు. పొద్దునా సాయంత్రమూ దాని పక్కన నడిచేవాడు. ఆ చలికాలంలో జ్వరం పట్టుకుంది. వనపర్తి దవాఖానకు బండి కట్టుకుని తీసుకుపోయారు. అక్కడి నుంచి ఆయన తిరిగి రాలేదు.

దినాలు అయ్యాక చుట్టాలు ఇంటి సంగతులు ఒక్కొక్కటే ఎత్తుతూ ఉన్నారు. పొలం ఎట్లా, కొట్టం కప్పు ఎట్లా అని. ఎవరో దూరపు బంధువు, మంచి మనసుతోనే, "మరి ఆ గుర్రం సంగతి?" అన్నాడు. మా నాయన తల దించుకున్నాడు. పెద్దమ్మ మూలన కూర్చుని ఉంది. ఆమె గోడ వైపు తిరుగుతుందని నేను ఎదురుచూశాను. తిరగలేదు. ఆ బంధువు ముఖంలోకి సూటిగా చూసి, "ఏం సంగతి? ఉలవలు ఉడుకుతున్నయ్" అన్నది.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ గుర్రం ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు. అది ఇంకా కొన్నేళ్లు బతికింది, చివరికి ఏమీ కనబడకుండా, కొట్టంలోంచి కదలకుండా. పెద్దమ్మ దానితో "నిల్లు", "నడి" అని కన్నడంలో మాట్లాడేది. అది పోయిన పొద్దున కూడా కుండ పొయ్యి మీద ఉందట. ఆ తర్వాత మా ఇంట్లో ఉలవచారు కాయలేదు.

ఊరేగింపులో నా చేతిలోంచి కళ్లెం అందుకుంటూ ఆ గుర్రం యజమాని, "భయపడకుండ్రి సార్, మంచిది, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతది" అన్నాడు. నాకు భయం లేదని చెప్పాను. చిన్నప్పుడు కాలం కూడా ప్రతి చావడి దగ్గరా తనంత తాను ఆగి, మనం తమలపాకు నమిలి లేచేదాకా ఓపికగా నిలబడేది. ఇప్పుడు ఆగడం లేదు. దానికి కళ్లు మసకబారాయో, మనల్నే మరచిపోయిందో, నన్నడిగితే నాకు తెల్వదు.